అవ్వ చేతి మీద తేలు, అమ్మాయి చేతి మీద చేప

పోయిన నెలలో ఒక శనివారం మా పెద్దమ్మాయి బెంగళూరు నుంచి వచ్చింది. స్నానం చేసి, సంగటి, ఊరుబిండి తిని, చెయ్యి కడుక్కుని వచ్చి నా పక్కన కూర్చుని ఫోన్‌లో ఒక బొమ్మ చూపించింది. జలపాతానికి ఎదురెక్కుతున్న ఎర్ర చేప, చుట్టూ నల్లటి అలలు, పక్కన ఒక పెద్ద పువ్వు. "అమ్మా, దీన్ని ఇక్కడి నుంచి ఇక్కడి దాకా వేయించుకుందామనుకుంటున్నా" అని మోచేతి నుంచి భుజం దాకా వేలితో గీసి చూపించింది. జపాన్ వాళ్ళ సంప్రదాయ పచ్చబొట్టంట. దాన్ని ఇరెజుమి అంటారంట.

నేనేమన్నానో దాచకుండా చెప్తాను. "పెళ్ళయ్యాక నీ ఇష్టం. నీ మొగుడు ఒప్పుకుంటే వేయించుకో" అన్నాను. చాలా తెలివిగా మాట్లాడానని కూడా అనుకున్నాను. వద్దనలేదు కదా మరి!

అది నా వైపు ఒక చూపు చూసి, "అంటే నా చెయ్యి ఇప్పుడు నాన్నది, తర్వాత ఆయనెవరో ఆయనది. నాది ఎప్పుడవుతుందమ్మా?" అంది.

ఇరవై ఆరేళ్ళ పిల్ల. తన సంపాదన తను తింటోంది, తమ్ముడి కాలేజీ ఫీజు కడుతోంది. దాని జీతం దానిదే అని ఇంట్లో అందరం గొప్పగా చెప్పుకుంటాం. చెయ్యి మాత్రం దానిది కాదు. పొలానికి పట్టా మార్చినట్టు, బిడ్డ ఒంటిని తండ్రి పేరు నుంచి మొగుడి పేరుకు మార్చే మాట నా నోటి నుంచే వచ్చింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తెల్లారేసరికి ఇంట్లో అందరికీ తెలిసిపోయింది. మా ఆయన మాట్లాడకుండా పేపరు అడ్డం పెట్టుకున్నారు. మా అత్తమాత్రం, "ఛీ ఛీ, మన ఇంటా వంటా ఉందా ఇది?" అని చెయ్యి ఊపింది. ఊపిన ఆ చేతి మీద ముంజేతి నుంచి మోచేతి దాకా పచ్చబొట్టే! ముగ్గు, మధ్యలో తులసికోట, దాని కింద చుక్కల వరస. నేనూ మా అమ్మాయీ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఆమెకు మాత్రం తన చేతి మీదున్నది కనపడలేదు. అది పుట్టుమచ్చలాగా ఎప్పుడూ ఉన్నదే కదా అన్నట్టు ఉంది ఆమె ధోరణి.

అప్పటి నుంచి ఈ నెల రోజులుగా చుట్టాలందరి నుంచీ వింటున్న మాటలు నాలుగు. మన సంస్కృతి కాదు. రౌడీల గుర్తు అది. పెళ్ళి ఎవరు చేసుకుంటారు? రేపు బాధపడితే చెరపలేవు. ఈ నాలుగింటికీ నాకు తోచిన జవాబు రాస్తున్నాను. మీ ఇంట్లో కూడా ఇలాంటి పిల్ల ఉంటే పనికొస్తుంది.

మొదటి మాట, సంస్కృతి. ఈ మాట అన్నది మదనపల్లెలో టమోటా మండీకి సరుకు తోలే మా బావగారు. బావగారూ, టమోటా మన తాతల నాటి పంటా? ఎక్కడో దక్షిణ అమెరికాలో పుట్టి ఓడలెక్కి వచ్చిన కాయ. ఇవాళ అది లేకపోతే మనకు చారు లేదు, మన ఊరికి పేరు లేదు. జనగణమనకు మన బీసెంటు కాలేజీలోనే 1919లో రాగం కుదిరిందని గర్వంగా చెప్పుకుంటాం. అప్పుడు ఠాగూరుకు సాయం చేసిన మార్గరెట్ కజిన్స్ ఐర్లండు ఆమె. మన దేశంలో ఆడవాళ్ళకు ఓటు కావాలని 1917లో అడిగించిన వాళ్ళలో ఆమె ఒకరు. బయటి నుంచి వచ్చిందంతా చెడ్డదైతే మనకు మిగిలేది ఏమిటి?

అసలు పచ్చబొట్టు మనకు బయటిది కానే కాదు. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో దక్షిణాది కులాల మీద వేసిన ఏడు సంపుటాల్లో దీని గురించి వివరంగా ఉంది. ఎరుకల ఆడవాళ్ళు ఊరూరా తిరిగి పచ్చ పొడిచేవాళ్ళు. తమిళం వైపు వీళ్ళనే కొరవలంటారు. పసుపూ అవిసాకూ కలిపి నూరి, గుడ్డలో చుట్టి వత్తి చేసి, ఆముదం దీపం వెలిగించి, పైన కొత్త కుండ బోర్లించేవాళ్ళు. కుండకు పట్టిన మసిని గీకి, నీళ్ళలోనో చనుబాలలోనో కలిపి సూదితో పొడిచేవాళ్ళు. అది చదివినప్పుడు నాకు కాటుక పట్టే మా అమ్మ గుర్తొచ్చింది. ఇంతకన్నా ఇంటి విద్య ఇంకేముంటుంది?

దీని సంగతి తేల్చుకుందామని నేనూ అమ్మాయీ ఆ ఆదివారమే పుంగనూరు వెళ్ళాం, మా అవ్వ దగ్గరికి. తొంభైకి దగ్గరగా ఉంది. చెవులు మందగించాయి కానీ మాట మందగించలేదు. అవ్వ గడ్డం మీద మూడు చుక్కలు, నొసటి మీద నిలువు గీత, రెండు ముంజేతుల మీదా ముగ్గులు. నా చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. ఒక్కసారి కూడా వాటి గురించి అడగలేదు.

"ఇవి ఎప్పుడు పొడిపించుకున్నావవ్వా?" అని అడిగితే, "నేను పొడిపిచ్చుకుండేదేంది మే? పొడిపిచ్చినారు" అంది.

పదేళ్ళ వయసంట. మేనత్త ఒకామె కాళ్ళు పట్టుకుందంట, పెద్దమ్మ తల పట్టుకుందంట. పచ్చ పొడిచే ఆమె పాట పాడుతూ పొడిచిందంట, ఏడుపు వినపడకుండా. శేరు రాగులు, ఒక పాత కోక కూలి. మూడు రోజులు చేతులు వాచిపోయి అన్నం కలుపుకోలేకపోయిందంట. "నిన్ను అడగలేదా?" అని మా అమ్మాయి అడిగింది. అవ్వ నవ్వింది. "ఆడబిడ్డల్ని ఎవురన్నా అడగతారా మే? పచ్చ లేకపోతే అత్తగారింట్లో నీళ్ళు ముట్టనీరన్నారు. సచ్చినాక యెంట వచ్చే సొమ్ము ఇదొక్కటేనన్నారు."

దొంగలు ఎత్తుకుపోలేని నగ, మొగుడు తాకట్టు పెట్టలేని నగ అని దానికి మన పెద్దవాళ్ళు పేరు పెట్టారు. ఆ మాట నాకూ ఇష్టమే. కానీ ఆ నగ పెట్టేటప్పుడు పిల్లను పట్టుకోవడానికి ఇద్దరు కావలసి వచ్చారన్నది ఎవరూ చెప్పలేదు.

అక్కడితో లేచి వచ్చేస్తుంటే అవ్వ మా అమ్మాయి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. రవిక చేతిని కాస్త పైకి జరిపి, కుడి భుజం కింద ఒక తేలు బొమ్మ చూపించింది. నేనెప్పుడూ చూడలేదు దాన్ని! నలభై దాటినాక, సుగుటూరు గంగమ్మ జాతరలో, కోడిగుడ్లు అమ్మిన డబ్బులతో పొడిపించుకుందంట. "మీ తాతను అడగలా. ఇంటికొచ్చినాక అరిసినాడు. అరిస్తే పోతాదా?" అంది. ఎందుకు తేలు అంటే, "బాగుండాది కదా" అంది. అంతే.

ముగ్గుల గురించి చెప్పేటప్పుడు లేని వెలుగు ఆ తేలు చూపించేటప్పుడు అవ్వ ముఖంలో ఉంది. చర్మం ముడతలు పడి తేలు కాళ్ళు వంకర పోయాయి. అయినా వేలితో దాన్ని రుద్దుతూనే ఉంది. ఒకే చెయ్యి, ఒకే సూది, ఒకే మసి. ఒకటి చేయించింది, ఇంకొకటి చేయించుకుంది. నేను చెప్పదలచుకున్నదంతా ఈ రెండింటి మధ్య ఉంది.

ఇక రెండో మాట, రౌడీల గుర్తు. జపాన్‌లో కూడా ఇదే మాట అంటారని మా అమ్మాయి చెప్పింది. పాతకాలంలో అక్కడ దొంగలకు శిక్షగా చేతి మీద నల్ల గీతలు పొడిచేవాళ్ళు. మరోవైపు 1827 ప్రాంతంలో కునియోషి అనే చిత్రకారుడు ఒంటినిండా బొమ్మలున్న వీరుల చిత్రాలు వేస్తే, వాటిని చూసి మంటలార్పే పనివాళ్ళు, కూలీలు మోజుగా పొడిపించుకున్నారు. 1872లో ప్రభుత్వం నిషేధించింది. తెల్లదొరలు చూసి అనాగరికులనుకుంటారని భయం. 1948 దాకా అది నేరమే. ఆ తర్వాత యాకూజా అనే ముఠాల వాళ్ళ ఒంటి మీద కనపడి, రౌడీల గుర్తయింది. ఇప్పటికీ చాలా వేడినీళ్ళ స్నానశాలల్లో పచ్చబొట్టున్న వాళ్ళను రానివ్వరు. 2013లో న్యూజిలాండు నుంచి వెళ్ళిన ఒక మావోరీ ఆమెను, గడ్డం మీద తన వాళ్ళ సంప్రదాయ పచ్చబొట్టు ఉందని వెనక్కి పంపారు. మా అవ్వ వెళ్ళినా వాకిట్లోనే ఆపేస్తారన్నమాట!

నన్ను ఎక్కువ కదిలించింది ఒకినావా ఆడవాళ్ళ సంగతి. అక్కడ ఆడవాళ్ళు చేతుల వెనక, వేళ్ళ మీద పొడిపించుకునే పచ్చబొట్టును హజిచి అంటారు. అవి లేకపోతే చచ్చినాక గతి లేదని నమ్మేవాళ్ళు, అచ్చం మన అవ్వల్లాగే. 1899లో సర్కారు దాన్ని నిషేధించింది. అప్పటిదాకా గౌరవంగా చూపించుకున్న చేతులను ఆ తర్వాత దాచుకుని బతకవలసి వచ్చింది. మొదట లేకపోతే తప్పన్నారు, తర్వాత ఉంటే తప్పన్నారు. రెండుసార్లూ ఆ చేతులున్న వాళ్ళను అడగలేదు.

మన దగ్గర ఇంతకన్నా మేలుగా జరిగిందా? కుంపిణీ కాలంలో, 1849 దాకా, జీవిత ఖైదీల నొసటి మీద నేరం పేరు పొడిచేవాళ్ళు. మద్రాసు రాజధానిలో కూడా ఈ శిక్ష ఉంది. ఆ తర్వాత మనల్ని ఏలిన ఐదో జార్జి చక్రవర్తి 1881లో పడుచువాడిగా జపాన్ వెళ్ళి చేతి మీద డ్రాగన్ వేయించుకొచ్చాడు. సొంత జనానికి నిషేధించినా విదేశీయులకు వేయనిచ్చేవాళ్ళన్నమాట. ఆయనకు అది సరదా. ఆయన ఏలుబడిలోనే, మనకు పచ్చ పొడిచిన ఎరుకల వాళ్ళను పుట్టుకతోనే నేరస్థులని చట్టం కింద జాబితాలో రాశారు. పచ్చబొట్టు రౌడీ గుర్తా, రాజు గుర్తా అన్నది బొమ్మను బట్టి తేలదు. ఎవరి ఒంటి మీద ఉందన్నదాన్ని బట్టే తేలుస్తారు.

అంత వెనక్కి కూడా పోనక్కర్లేదు. 1993లో అమృత్‌సర్‌లో పోలీసులు కొందరు ఆడవాళ్ళ నొసటి మీద 'జేబుదొంగ' అని పచ్చబొట్టు పొడిపించారు. ఆ పోలీసులకు శిక్ష పడింది 2016లో. ఇరవై మూడేళ్ళు! 2015లో వచ్చిన 'బాహుబలి'లో హీరో, హీరోయిన్‌కు తెలియకుండా ఆమె చేతి మీద రంగులతో బొమ్మ వేస్తే హాలంతా ఈలలు వేసింది. నేనూ మురిసిపోయాను, అబద్ధం చెప్పను. అడగకుండా వేసినవాడు ప్రేమికుడు, తనకు తాను వేయించుకుంటానన్న పిల్ల బరితెగించింది. ఈ లెక్క మీకు సరిగ్గా అనిపిస్తోందా?

మూడో మాట, పెళ్ళి. దీనికి జవాబు కుప్పంలో ఉన్న మా చిన్నమ్మ. పెళ్ళయిన మొదటి ఏడు, తిరణాలలో, ఎడమ ముంజేతి మీద చిన్నాయన పేరు పొడిపించుకుంది. నిజం చెప్పాలంటే ఆయనే పొడిపించాడు. పక్కన నిలబడి అక్షరాలు సరిచూశాడంట. ఊరంతా మెచ్చుకుంది. పతిభక్తి అంటే అదీ అన్నారు. ఎనిమిదేళ్ళ తర్వాత ఆయన ఇంకో ఆమెతో వెళ్ళిపోయాడు. పేరు మాత్రం చేతి మీదే ఉండిపోయింది.

చిన్నమ్మ ఇరవై ఏళ్ళుగా కుప్పం నుంచి పొద్దున రైలెక్కి బెంగళూరులో బట్టల ఫ్యాక్టరీకి వెళ్ళి రాత్రికి వచ్చింది. ఎండాకాలంలో కూడా నిండు చేతుల రవికే. తోటి ఆడవాళ్ళు పేరు చదివి "మీ ఆయన ఏం చేస్తాడు?" అని అడుగుతారని. చివరికి చిట్టీ డబ్బులు ఎత్తి, లేజర్‌తో తీయించుకోవడానికి ఒక చోటికి వెళ్ళింది. ఒకసారితో పోయేది కాదది, చాలాసార్లు తిరగాలి. సగంలో డబ్బులు అయిపోయాయి. ఇప్పుడు మొదటి రెండు అక్షరాలు పోయి, చివరి అక్షరం మసగ్గా మిగిలింది.

మన చుట్టాలందరూ ఒప్పుకున్న పచ్చబొట్టు అదే! అప్పుడు ఒక్కరూ "రేపు బాధపడితే?" అని అడగలేదు. మొగుడి పేరుకు రేపు అన్నదే ఉండదనుకున్నారు. చేపకు మాత్రం ఉంటుంది. చేప ఎవరితోనూ లేచిపోదు కదా అని మా చిన్నమ్మే నవ్వుతూ అంది.

పెళ్ళి సంబంధాలు తగ్గుతాయన్నది నిజమే. కాదనను. జాతకం చూసి తగ్గుతాయి, రంగు చూసి తగ్గుతాయి, జీతం ఎక్కువని కూడా తగ్గుతాయి. భుజం మీద చేప ఉందని వెనక్కి పోయే వాళ్ళు, ఆ పిల్ల రాత్రి షిఫ్టు చేస్తానన్నా, అమ్మకు డబ్బు పంపుతానన్నా వెనక్కి పోయే వాళ్ళే. కాస్త ముందే పోతారు, అంతే.

ఇక నాలుగో మాట. చెరపలేవు అన్నది. ఈ ఒక్కదానికి మాత్రం నేను తల వంచుతాను. స్వేచ్ఛ అని గట్టిగా అనేసి ఊరుకుంటే తల్లి పని అయిపోదు. అందుకే అమ్మాయిని కూర్చోబెట్టి అడగవలసినవన్నీ అడిగాను. చిన్నప్పుడు చెవులు కుట్టిస్తే గడ్డలు కట్టిన ఒళ్ళయితే ఇంత పెద్ద బొమ్మ గురించి ముందు చర్మం డాక్టరును అడగాలి. రంగుల్లో ఎక్కువగా పడనిది ఎరుపే, దాని చేపేమో ఎర్రది! సూది కొత్తదా, కళ్ళముందే విప్పారా, రంగు చిన్న మూతలో వేరుగా పోశారా అన్నది చూసుకోకపోతే కామెర్ల రోగం, హెచ్ఐవీ కూడా అంటుకోవచ్చు. జాతరలో ఒకే సూదితో పదిమందికి పొడిచే చోటికి వెళ్ళనే కూడదు. వేయించుకున్నాక ఏడాది పాటు రక్తదానం చేయకూడదు. సైన్యంలో, కేంద్ర బలగాల్లో చేరాలనుకునే పిల్లలకైతే ఎక్కడ, ఎంత, ఏ బొమ్మ ఉండొచ్చో కట్టుదిట్టమైన నిబంధనలున్నాయి.

ఇంకొకటి కూడా అడిగాను. "జపాన్ సంప్రదాయం అంటున్నావు, దాని గురించి నీకేం తెలుసు?" అని. బొమ్మ బాగుందని ఎత్తుకొస్తే, ముగ్గు అర్థం తెలియకుండా మా అత్త మోసినట్టే ఉంటుంది. అది చాలానే చదివింది. ఎదురీది జలపాతం ఎక్కిన చేప డ్రాగన్ అవుతుందని కథంట. అక్కడి గురువులు వెదురు కర్రకు సూదులు కట్టి చేత్తోనే పొడిచే పద్ధతిని తెబోరి అంటారంట. వీపంతా వేయడానికి ఏళ్ళు పడుతుందంట. బెంగళూరులో వేసేది యంత్రంతో, కాబట్టి తనది ఆ తరహా బొమ్మే తప్ప ఆ చేతిపని కాదని కూడా అదే చెప్పింది. పచ్చబొట్టు వేయడానికి డాక్టరు లైసెన్సు అక్కర్లేదని అక్కడి సుప్రీంకోర్టు 2020లో తేల్చేదాకా, వేసేవాళ్ళు కేసుల భయంతోనే బతికారంట. ఇంత తెలుసుకున్న పిల్లకు నేను చెప్పగలిగింది ఏముంది?

నాకు ఆ బొమ్మ నచ్చిందా అంటే, నచ్చలేదు. చెయ్యి అంత నల్లగా నిండిపోవడం నా కంటికి ఆనదు. ఈ మాట దానికీ చెప్పాను. నచ్చకపోవడం నా హక్కు. కానీ నా కంటికి నచ్చకపోవడం దాని చేతికి చట్టం కాకూడదు. ఈ తేడా తెలియడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

ఆ ఆదివారం సాయంత్రం బస్సెక్కించేటప్పుడు దానితో అన్నాను. "పెళ్ళయ్యాక అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. వేయించుకున్నా నీ ఇష్టం, మానేసినా నీ ఇష్టం. వేయించుకునే రోజు నన్ను పిలువు, పక్కన కూర్చుంటా. కాళ్ళు పట్టుకోవడానికి కాదు."

"ఇంకా ఆలోచిస్తున్నాలే అమ్మా. తేలు కూడా బాగుంది కదా" అంది నవ్వుతూ. ఏది తేల్చుకుంటుందో నాకు తెలీదు. మా ఆయన ఇంకా పేపరు దించలేదు. బావగారు నాతో మాట్లాడటం మానేశారు. కానివ్వండి.

మీరు కూడా ఒక పని చేయండి. ఇంట్లో ఆడపిల్ల ఒంటి గురించి 'మన ఇంటా వంటా లేదు' అనే ముందు మీ అవ్వ దగ్గరికో, అత్త దగ్గరికో వెళ్ళి కూర్చోండి. చేతి మీదున్నవి ఏమిటని కాదు, ఎవరు పొడిపించారని అడగండి. పొడిపించారు అంటారా, పొడిపించుకున్నాను అంటారా, అది వినండి. ఆ తర్వాత మీ అమ్మాయికి ఏం చెప్పాలో మీకే తెలుస్తుంది.